‘రోహిణిలో రోళ్లు పగులుతాయి’: ఈ సామెతకు కాలం చెల్లిందా?

ప్రశ్న:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. ‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ అంటారు కదా, అన్నీ వదిలేసి రోళ్లే ఎందుకు వచ్చాయి? ఈమధ్య మార్చి నుంచే మాడిపోతున్నాం. రోహిణి వచ్చేసరికి ఒక్కోసారి వానలూ పడుతున్నాయి. సామెత పాతబడిందంటారా? మా బాబాయి మాత్రం ‘కార్తెలు జరుగుతూనే ఉంటాయి, కాలం మారడం కొత్తేం కాదు’ అంటున్నారు.

జవాబు:
రోలు రావడానికి మొదటి కారణం ప్రాసేనండి. ‘భరణి కురిస్తే ధరణి పండును’, ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్నట్టే ఇదీ. అయితే ప్రాస కోసం లేని మాట కల్పించలేదు. మా అమ్మమ్మ రోహిణి రాగానే పెరట్లో రోట్లో నీళ్లు పోసి ఉంచేది. రోళ్లు చెక్కే గ్రానైటులో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, అభ్రకం అనే ఖనిజాలు కలిసి ఉంటాయి. వేడికి ఒక్కొక్కటీ ఒక్కో మేర వ్యాకోచిస్తుంది. పైగా రాయిలోకి వేడి నెమ్మదిగా దిగుతుంది. పైభాగం కాలిపోతున్నా లోపల ఇంకా చల్లగానే ఉంటుంది. అలా కాగిన రాయి మీద సాయంత్రం గాలివాన పడితే, ఎప్పుడో పడ్డ సన్నని నెర్రె పెద్దదవుతుంది. ఒక్క ఎండకే రోలు రెండు ముక్కలవుతుందని కాదు. ఏటేటా పడే దెబ్బ అది.

ఇక రోహిణే ఎందుకంటారా? హైదరాబాదుకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది మే 10 ప్రాంతంలో, అంటే కృత్తిక కార్తె మొదట్లో. రోహిణి మొదలయ్యేది మే 25న. కానీ నేల అప్పటికే పొడిబారి ఉంటుంది. తడి ఉంటే ఎండలో కొంత దాన్ని ఆవిరి చేయడానికే పోయేది. తడి లేదు కాబట్టి వచ్చిన వేడంతా నేలనూ గాలినీ కాల్చడానికే. నైరుతి మబ్బులు వచ్చి నేల తడిసేదాకా ఇదే వరస. జూన్ 8న మృగశిర వస్తుంది. ‘మృగశిర కురిస్తే ముసలి ఎద్దూ రంకె వేస్తుంది’ అనడం అందుకే.

మీ బాబాయిగారి మాట. కార్తెలు జరుగుతాయన్నది నిజం. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నదే కార్తెకు లెక్క. ఋతువులకు లెక్క భూమి అక్షం వంపు. ఆ అక్షం తూలే బొంగరంలా సుమారు 26,000 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి రెండు లెక్కలకూ దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. సూర్యుడు డిసెంబర్ 21, 22 నాటికే ఉత్తరానికి మళ్లుతున్నా మనం సంక్రాంతి జనవరి 14న చేసుకోవడం ఈ తేడా వల్లే. వెయ్యేళ్లకు తేడా 14 రోజులు, అంటే ఒక కార్తె. రాజరాజనరేంద్రుడి కాలంలో రోహిణి, ఇప్పటి కృత్తిక ఎండల్లో వచ్చేదన్నమాట. మృగశిరకూ తొలకరికీ ఇంత చక్కగా కుదిరిందంటే, ఈ సామెతలు మరీ ప్రాచీనమైనవి కావని, గత కొన్ని శతాబ్దాల్లో ఈ రూపు దిద్దుకున్నాయని నాకనిపిస్తుంది.

అక్షం ఇలా తూలుతూ తిరగడం శీతోష్ణస్థితినీ మారుస్తుంది. ఇప్పుడు భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో. సుమారు 11,000 ఏళ్ల క్రితం ఉత్తరార్ధగోళానికి వేసవిలోనే ఆ దగ్గరితనం ఉండేది. ఆ కాలంలో వానలు బలపడి, ఆ తర్వాత కొన్ని వేల ఏళ్ల పాటు సహారాలో చెరువులూ గడ్డిభూములూ ఉండేవి. సెర్బియా శాస్త్రవేత్త మిలాంకోవిచ్ లెక్కలు కట్టి చూపిన మార్పుల్లో ఇదొకటి.

కానీ బాబాయిగారు ఇక్కడితో ఆగకూడదు. ఈ మార్పుకు వేల ఏళ్లు కావాలి. మనం చూస్తున్నది నూటయాభై ఏళ్లలో వచ్చింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల్లో 280 వంతులు. 1958లో హవాయిలోని మౌనాలోవాలో కొలవడం మొదలుపెట్టినప్పుడు 315. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలిబుడగలు చూస్తే, అంతకుముందు ఎనిమిది లక్షల ఏళ్లలో 300 దాటిన దాఖలా లేదు. నేల నుంచి పైకి పోవలసిన వేడిని ఈ వాయువు పట్టి ఉంచుతుంది. అసలు ఇలాంటి వాయువులే లేకపోతే భూమి సగటున సున్నాకు 18 డిగ్రీలు కింద గడ్డకట్టి ఉండేది. కొంత ఉండడం మన అదృష్టం. బొగ్గు, పెట్రోలు కాల్చి అంత త్వరగా పెంచడమే ప్రమాదం.

మరో సభ్యురాలు:
చాలా బాగా చెప్పారండీ. మా గుంటూరు వైపు ఎండకంటే ఉక్కపోతే చంపేస్తోంది. దాని మీద సామెత ఉందా?

జవాబు:
కార్తెలకు ముడిపడ్డది నాకు తగల్లేదమ్మా. కానీ మంచి మాట ఎత్తారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే 46 డిగ్రీల పొడి వడగాలి కంటే 40 డిగ్రీల ఉక్క ప్రాణాంతకం కావచ్చు. రాత్రీ చల్లబడకపోతే ఒంటికి తెరిపి ఉండదు. 2015 మే చివర్లో మన రెండు రాష్ట్రాల్లో వేడికి సుమారు 2,000 మంది పోయారు. రోహిణి అప్పుడే మొదలైంది. కాబట్టి సామెత పాతబడిందని నేననను.

అందరికీ ఒక మనవి. మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే కార్తె సామెతలు ఇక్కడ రాయండి. ఏ ఊరు, చెప్పినవారి వయసెంత, ఆ కార్తెలో అప్పట్లో ఏ పని మొదలుపెట్టేవారు, ఇప్పుడు ఎప్పుడు పెడుతున్నారు అన్నవి కూడా చేర్చండి. విత్తనం వేసే తేదీలు తెలిస్తే చర్చ ఇంకా ముందుకు పోతుంది.