తమ్ముడికి ఓసీడీ అయితే థెరపీకి మేమందరం ఎందుకు వెళ్లాలి?

ఇంటి పెద్దపిల్ల:
మా తమ్ముడికి ఇరవై దాటాయి. ఓసీడీ, అంటే ఒకే అనుమానం పదేపదే వచ్చి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు అని డాక్టర్ తేల్చారు, మందులు మొదలయ్యాయి, థెరపిస్టు దగ్గరికీ పంపారు. అంతవరకు బాగానే ఉంది. ఆవిడేమో మొదటి సెషన్ అవ్వగానే "కొన్నిసార్లు అమ్మానాన్న, మీరు కూడా రావాలి" అన్నారు, ఇంట్లో ఇక ఒకటే గొడవ. రోగం వాడికైతే మమ్మల్ని కూర్చోబెట్టి ఏం అడుగుతారు, పెంపకం బాగాలేదని చెప్పడానికా అని నాన్న. అమ్మ ఏమీ అనదు, పక్క గదిలోకెళ్లి ఏడుస్తుంది.

వాడి బాధ గ్యాస్, తలుపు గడియ. రాత్రి పడుకోబోతూ గ్యాస్ కట్టేశానా లేదా అని వెళ్లి చూస్తాడు, వచ్చి మంచం ఎక్కుతాడు, మళ్లీ లేస్తాడు. చివరికి "అమ్మా, నువ్వు చూశావా, నిజంగా కట్టేసే ఉందా?" అంటాడు. "చూశాన్రా, కట్టేసే ఉంది, పడుకో" అంటుంది అమ్మ. రెండు నిమిషాలు కాకుండానే మళ్లీ అదే ప్రశ్న. ఈమధ్య అమ్మ ముందే స్టవ్ ఫోటో తీసిపెట్టుకుని, వాడు అడగ్గానే చూపించేస్తోంది. కాసేపు నెమ్మదిస్తాడు, తర్వాత ఆ ఫోటో ఇవాళ్టిదేనా అంటాడు.

నేను అడిగేదేంటంటే, సీబీటీ, ఈఆర్‌పీ, ఫ్యామిలీ థెరపీ అని ఇన్ని పేర్లు వినిపిస్తున్నాయి కదా, ఇందులో మాకు పనికొచ్చేది ఏది? వాడొక్కడు వెళ్తే సరిపోదా?

నిద్రపట్టనోడు:
అక్కా, నేను మీ తమ్ముడి బాపతే. నాది కూడా చెకింగే, కాకపోతే ప్రతి మెయిల్ పంపాక తప్పు రాశానేమో అని మళ్లీ మళ్లీ తెరిచి చూడటం, పక్కనున్నవాళ్లతో చదివించడం. ఈఆర్‌పీతో చాలావరకు బయటపడ్డాను కాబట్టి దాని గురించి చెప్తాను.

సీబీటీ అనేది, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే థెరపీ, పెద్ద గొడుగు, ఈఆర్‌పీ దాని కిందికే వస్తుంది. ఓసీడీకి మాత్రం అడగాల్సింది ఈఆర్‌పీనే. భయం పుట్టించే పని కావాలని చేయడం, చేశాక అలవాటైన తంతు చేయకుండా ఆగడం, ఇంతే దాని సారం. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన మొదటిసారి ఇలా చేసి చూపించారు, అంతకుముందు ఓసీడీ లొంగని జబ్బని వదిలేసేవాళ్లు. చెప్పడానికి తేలిక, చేయడం నరకం. అందుకే చిన్నదానితో మొదలుపెట్టిస్తారు. మీ తమ్ముడైతే ఒక్కసారే చూసి మంచం ఎక్కడం దగ్గర మొదలవ్వచ్చు. గుండె దడదడలాడుతుంది, ఇంకోసారి చూసొస్తే ప్రాణం హాయిగా ఉంటుందనిపిస్తుంది, లేవకూడదు. కొన్ని రాత్రులు గడిచాక ఆ దడ దానంతటదే దిగడం మనకే తెలుస్తుంది. ఒక్కోసారి పూర్తిగా దిగదు కూడా, కానీ అనుమానం ఉండగానే నిద్రపోవచ్చని తెలిసిపోతుంది. నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ రెండోదే.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. "చూశాన్రా" అనే మాట, ఆ ఫోటో, అవి కూడా తంతులో భాగమే. తను లేవకపోయినా వాడి తరఫున అమ్మ చెక్ చేసిపెట్టినట్టే. వాడొక్కడే వెళ్లి థెరపిస్టు గదిలో ఎంత సాధన చేసినా, రాత్రి ఇంటికొచ్చాక జవాబు దొరుకుతున్నంత కాలం ముందుకు కదలదు. అందుకే రమ్మన్నారు.

కౌన్సెలింగ్‌లో ఉన్నదాన్ని:
పైన రాసిన తమ్ముడు బాగా చెప్పారు. ఇంట్లోవాళ్లు ఇలా జవాబులిస్తూ సర్దుకుపోవడం ఓసీడీ ఉన్న దాదాపు ప్రతి కుటుంబంలోనూ కనిపిస్తుంది, ప్రేమ ఉన్న చోట ఇంకా ఎక్కువ. చిన్నపిల్లల విషయంలోనైతే ఎలీ లెబోవిట్జ్ రూపొందించిన స్పేస్ అనే పద్ధతిలో పిల్లలతో అసలు పని చేయరు, తల్లిదండ్రులతోనే చేస్తారు. వాళ్లు సర్దుకుపోవడం తగ్గించేకొద్దీ పిల్లల ఆందోళనా తగ్గుతుంది.

మీ నాన్నగారి అనుమానం ఊరికే పుట్టింది కాదండీ. 1948 ప్రాంతంలో స్కిజోఫ్రీనియాకు (లేని మాటలు వినిపించడం, లేని భయాలు నిజమనిపించడం లాంటివి ఉండే జబ్బు) తల్లే కారణమనే సిద్ధాంతం ఒకటి బయల్దేరింది, ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ రాతల నుంచి. ఎందరు తల్లులు ఆ నిందతో కుమిలిపోయారో. తర్వాత అది నిలబడలేదు, ఇప్పుడు పేరున్న థెరపిస్టు ఎవరూ అలా మాట్లాడరు. మీవాళ్లను పిలిచింది తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు, రాత్రి ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఏం అనాలో కలిసి నిర్ణయించుకోవడానికి. ఈ ముక్క నాన్నగారికి థెరపిస్టు నోటితోనే చెప్పించండి, మీరు చెప్తే గొడవే అవుతుంది.

ఒక్క జాగ్రత్త. ఇది చదివి ఇవాళ రాత్రే అమ్మ నోరు మూసేసుకోకూడదు. ముందు తమ్ముడికి తెలియాలి, వాడు ఒప్పుకోవాలి. మొదటి వారం ఒకసారి జవాబు చెప్పి రెండోసారికి ఆగుతాను అనుకోవచ్చు. అనాల్సిన మాట కూడా వాడే ఎంచుకుంటే మంచిది. "నీకు కష్టంగా ఉందని తెలుసు, ఇది ఓసీడీ అడుగుతున్న ప్రశ్న, నేను జవాబు చెప్పను, కావాలంటే పక్కన కూర్చుంటాను" లాంటిది. విసుగుతో అంటే శిక్ష, మెత్తగా అంటే సాయం. ఇంకోటి, మందులు మొదలై నెల కాకముందే పనిచేయట్లేదని ఆపించకండి, ఓసీడీలో ఫలితం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు చూడాల్సి వస్తుంది.

అన్నకు చెల్లెల్ని:
అన్నీ నిజమే కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. ఈ సూత్రం పట్టుకెళ్లి వేరే జబ్బు మీద రుద్దకండి. మా అన్నకు స్కిజోఫ్రీనియా. వాడి భయాలకు "నేను జవాబు చెప్పను" అంటే ఇల్లు రణరంగమే.

మాకు చెప్పిన ఫ్యామిలీ థెరపీలో పనంతా మా మాటతీరు మీద. 1976లో వాన్, లెఫ్ చేసిన పరిశోధనలో, ఇంట్లో విమర్శ, కోపం, మితిమీరిన పట్టింపు ఎక్కువగా ఉంటే జబ్బు తిరగబెట్టడం కూడా ఎక్కువని తేలిందట. మాకు నేర్పింది చాలా మామూలు విషయం. "ఎప్పుడూ ఇంతే, స్నానం కూడా చెప్పించుకోవాలా" అనే బదులు "పదింటికి బయటికెళ్దాం, అప్పటికి స్నానం అయితే నాకు సంతోషం" అనడం. చదవడానికి నవ్వొస్తుంది, అనడానికి మా నాన్నకు నెలలు పట్టింది.

అదే ఆహారం మానేసే అనొరెక్సియాలో, పిల్లలు టీనేజీలో ఉంటే, లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో పుట్టిన పద్ధతి ప్రకారం తిండి బాధ్యత మొదట్లో పూర్తిగా తల్లిదండ్రులకే ఇస్తారు. ఒక చోట వెనక్కి తగ్గాలి, ఒక చోట గొంతు తగ్గించాలి, ఇంకో చోట పగ్గాలు చేతిలోకి తీసుకోవాలి. పేరు అన్నిటికీ ఫ్యామిలీ థెరపీనే, అదీ చిక్కు. కాబట్టి మొదటి సెషన్‌లోనే "మా నుంచి మీకు కావాల్సింది ఏంటి" అని సూటిగా అడగండి. మీ తమ్ముడు ఒంటరిగా చెప్పుకునేవి థెరపిస్టు మీకు చెప్పరు, అది కూడా ముందే మాట్లాడుకోండి, లేకపోతే మీ నాన్న బయటికొస్తూనే "లోపల ఏం చెప్పాడు" అంటారు.

ఇంటి పెద్దపిల్ల:
అందరికీ థ్యాంక్స్. నాన్న ఒక్క సెషన్‌కు ఒప్పుకున్నారు, "కూర్చుంటాను, మాట్లాడను" అనే షరతు మీద. అమ్మకు మాత్రం వేరే భయం ఉందని ఇప్పుడు బయటపడింది. నేను జవాబు చెప్పకపోతే వాడు తట్టుకోలేక ఏమైనా చేసుకుంటే అంటోంది. ఒకసారి కోపంలో అలా అన్నాడట, నాకు తెలీదు.

కౌన్సెలింగ్‌లో ఉన్నదాన్ని:
ఇది సెషన్ దాకా ఆపకండి, ఇవాళే డాక్టర్‌కీ థెరపిస్టుకీ ఫోన్ చేసి చెప్పండి. తమ్ముడిని కూడా నేరుగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని. అడిగితే ఆలోచన పుట్టించినట్టు అవుతుందని భయపడతారు, అలా జరగదు. ఔనంటే జవాబు చెప్పాలా వద్దా అనే లెక్కంతా పక్కన పెట్టేయండి, వాడిని ఒంటరిగా వదలకండి, మందులు మీ దగ్గర పెట్టుకోండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాదంటే కూడా, మనసు మరీ బరువెక్కినప్పుడు ఎవరికి చెప్పాలి, రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి అనేది వాడితో కలిసి కాగితం మీద రాసుకోండి. ఈఆర్‌పీ ఎంత మెల్లగా నడపాలో ఆ జవాబును బట్టి థెరపిస్టు నిర్ణయిస్తారు.