విండీలో ఒకలా, నల్‌స్కూల్‌లో ఇంకోలా చూపిస్తోంది. సముద్రం మ్యాపులు అసలు ఎలా చదవాలండీ?

ఉప్పాడ_కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. మాది ఉప్పాడ దగ్గర, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంటి దగ్గర మాత్రం అందరిదీ వేటే. నాన్న ఇప్పుడు మానేశారు, బావ బోటు మీద వెళ్తాడు. రెండేళ్ల నుంచి నాకు ఈ కదిలే మ్యాపులు చూడటం అలవాటైపోయింది, భూగోళం మీద గాలి గీతలు గీతలుగా పోతుంటది కదా నల్‌స్కూల్, ఇంకోటి విండీ. రాత్రి పడుకునే ముందు బంగాళాఖాతం మీద వేలు పెట్టి చూసి, పొద్దున్న ఇంటికి ఫోన్ చేసి చెప్తుంటాను.

ఇప్పుడు నా బాధేంటంటే, పోయిన జనవరిలో నల్‌స్కూల్‌లో గాలి 6 గంటలకి తగ్గిపోతున్నట్టు కనిపించింది, అల కూడా 1.6 మీటర్లే ఉంది, సరే బావా పొద్దున్న ఆరింటికల్లా సర్దుకుంటుంది వెళ్లండి అన్నాను. నా మాట నమ్మి చీకటితోనే వెళ్లారు. పదకొండు దాటేదాకా గాలి తగ్గలేదంట, మధ్యమధ్యలో మనిషి ఎత్తు కంటే చాలా పెద్ద అలలు వచ్చాయంట, వల ఫ్యాన్‌కి చుట్టుకుపోయి సగం కోసేయాల్సొచ్చింది. మనుషులు క్షేమంగా వచ్చారు, అది చాలు. బావ ఒక్క మాట అనలేదు గానీ నాకు మాత్రం ఆ రోజు నుంచి చెప్పాలంటే భయం.

మొంథా తుఫాను అప్పుడు ఇంకో తికమక. రెండు మ్యాపుల్లో తుఫాను రెండు చోట్ల తీరం దాటుతున్నట్టు చూపించింది. కాకినాడ చుట్టుపక్కల అన్నారు, చివరికి అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర దాటింది. అంటే మాకు దాదాపు వంద కిలోమీటర్లు దూరం జరిగింది, అయినా మా ఒడ్డు మీద అల మాత్రం తగ్గలేదు, రోడ్డు మీదకి కొట్టింది. దూరం జరిగితే తగ్గాలి కదా? ఎక్కడ తప్పు చదువుతున్నానో తెలిసినవాళ్లు చెప్పండి.

భూగోళం_మాస్టారు:

తమ్ముడూ, నేను శ్రీకాకుళం జిల్లాలో హైస్కూల్లో సోషల్ చెప్తాను, ఎనిమిదో తరగతి పిల్లలకి రుతుపవనాల పాఠం ఈ నల్‌స్కూల్ పెట్టే చెప్తాను, కాబట్టి దాంతో కాస్త పరిచయం ఉంది.

ముందు ఆ 6 గంటల సంగతి. పక్కన యూటీసీ అని ఉందేమో ఒకసారి చూడు, అది ప్రపంచమంతటికీ వాడే ఒకే టైం. యూటీసీకి అయిదున్నర గంటలు కలిపితే మన టైం. 6 యూటీసీ అంటే మనకి పదకొండున్నర. పదకొండు దాటేదాకా తగ్గలేదు అన్నావు చూడు, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఇదే జరిగుంటది. మ్యాప్ సరిగ్గానే చెప్పింది బాబూ, గడియారం దగ్గర పొరపాటు పడ్డావు. మెనూలో లోకల్ టైంకి మార్చుకోవచ్చు, ఇవాళే మార్చేయ్.

రెండోది, ఇది చాలామందికి తెలీదు, ఆ కదిలే గీతలు ఎవరూ ఆకాశం నుంచి తీసిన వీడియో కాదు. కామెరాన్ బెక్కారియో అనే ప్రోగ్రామర్ 2013లో పెట్టాడు దాన్ని, అందులో గాలి అంతా అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ అనే కంప్యూటర్ మోడల్ వేసిన లెక్క. రోజుకి నాలుగు సార్లు, యూటీసీ 0, 6, 12, 18 గంటలకి కొత్త లెక్క మొదలెడతారు, మనదాకా రావడానికి ఇంకో నాలుగైదు గంటలు పడుతుంది. విండీ తెరవగానే వచ్చేది మామూలుగా యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్, అది వేరే లెక్క. అందుకే రెండూ రెండు చోట్ల చూపిస్తాయి, ఒకటి అబద్ధం ఒకటి నిజం అని కాదు. విండీలోనే కింద మోడల్ మార్చి చూడు, రెండూ ఒకే చోట చూపిస్తుంటే కాస్త నమ్మకం పెట్టుకోవచ్చు, విడిపోతుంటే ఇంకా ఏమీ తేలలేదని అర్థం. నేనైతే ఒక్కసారి చూసి ఊరుకోను, నిన్న రాత్రి లెక్కలో ఎక్కడుంది, ఇవాళ పొద్దున్న లెక్కలో ఎటు జరిగింది అని చూస్తాను. వరసగా ఒకే వైపు జరుగుతూ వస్తోందంటే అటు ఇంకా జరుగుతుందేమో అని జాగ్రత్త పడతాను.

ఇక మొంథా. దూరం ఒక్కటే చూస్తున్నావు, నువ్వు ఏ పక్కన ఉన్నావో చూడట్లేదు. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముళ్లకి ఎదురుగా తిరుగుతుంది. తుఫాను సముద్రం నుంచి నేల మీదకి వస్తుంటే దానికి కుడి పక్కన ఉన్న ఊళ్లకి గాలి సముద్రం వైపు నుంచి కొడుతుంది, నీళ్లని ఒడ్డుకి తోస్తుంది. ఎడమ పక్కన ఉన్నవాళ్లకి నేల వైపు నుంచి సముద్రంలోకి వీస్తుంది. నరసాపురం దగ్గర దాటితే ఉప్పాడ కుడి పక్క. అదే ఉప్పాడకి పైన తుని వైపు దాటుంటే వాన గాలి ఎంత ఉన్నా నీళ్లు మీ మీదకి అంతగా తోసుకొచ్చేవి కాదు. ఉప్పాడకి వంద కిలోమీటర్లు కిందకి జరగడం మంచికి కాదు.

ఒక పని చెయ్యి. నల్‌స్కూల్‌లో పాత తేదీలు పెట్టుకోవచ్చు. 2014 అక్టోబర్ 12 పెట్టు, హుద్‌హుద్ తుఫాను. మధ్యాహ్నం వేళ విశాఖ మీద సుడి ఉంటది. ఉప్పాడ మీద నొక్కి గాలి ఎటు నుంచి వస్తుందో చూడు, తర్వాత భీమిలి పైన కళింగపట్నం వైపు నొక్కి చూడు. నీకే తెలుస్తుంది.

సెకండ్‌మేట్_వైజాగ్:

మాస్టారు గాలి సంగతి బాగా చెప్పారు, నేను అల సంగతి చెప్తా. ఓడలో పనిచేస్తా, మాకు రోజూ ఇదే పని.

1.6 మీటర్లు అని చూశావు కదా, అది అన్నిటికంటే పెద్ద అల కాదు తమ్ముడూ. అలలన్నీ కొలిచి, వాటిలో పెద్దవి మూడో వంతు తీసుకుని వాటి సగటు ఎత్తు అది. అంటే దానికి దాదాపు రెట్టింపు అల కూడా అప్పుడప్పుడూ వస్తుంది, 1.6 అంటే 3 మీటర్ల అల ఒకటీ అరా ఉంటుందనే లెక్క వేసుకోవాలి. మీ బావ చెప్పిన పెద్ద అలలు అవే. చిన్న బోటుకి ఆ ఒక్కటే చాలు.

ఇంకోటి, ఎత్తు పక్కనే సెకన్లు ఉంటాయి చూడు, చాలామంది అది వదిలేస్తారు. ఒక అల తర్వాత ఇంకో అల ఎన్ని సెకన్లకి వస్తుందో అది. 5, 6 సెకన్లు అంటే దగ్గర్లో వీస్తున్న గాలికి లేచిన పొట్టి అలలు, బోటుని ఊపిరాడనివ్వవు. 14, 16 సెకన్లు అంటే ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల పుట్టినవి. 16 సెకన్ల అల లోతు నీళ్లలో ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి దాదాపు 400 మీటర్లు ఉంటుంది, నడి సముద్రంలో మాకు పడవ మెల్లగా లేచి మెల్లగా దిగినట్టు ఉంటుంది తప్ప ఏమీ తెలీదు. అదే ఒడ్డు దగ్గరికి వచ్చి లోతు తగ్గేసరికి లేచి పడుతుంది. గాలి లేదు, ఆకాశం నీలంగా ఉంది, అయినా ఒడ్డు మీద బోటు తిరగబడింది అంటే చాలాసార్లు ఇదే. కేరళ వాళ్లు దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని. అంటార్కిటికా వైపు దక్షిణ సముద్రంలో తుఫాను లేస్తే, ఆ అలల గుంపు రోజుకి వెయ్యి కిలోమీటర్ల పైన నడుచుకుంటూ అయిదారు రోజులకి మన దాకా వస్తుంది. మ్యాపులో అలల మీద పెట్టి తేదీ ఒక్కో రోజు ముందుకి జరుపు, అక్కడి నుంచి పట్టీలా పైకి రావడం కళ్లారా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు డ్యూటీ అయిపోయినా బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, గంటసేపు అలాగే కూర్చుండిపోయా.

హుద్‌హుద్ అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నా, విశాఖలో. పొద్దుటి నుంచి ఒకే వైపు నుంచి చితక్కొట్టింది, మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది, అయిపోయింది అనుకుని మా వీధిలో జనం బయటికొచ్చారు. అమ్మ నన్ను చెయ్యి పట్టి లోపలికి లాగింది. కాసేపటికి దక్షిణం వైపు నుంచి మళ్లీ మొదలైంది, అటు పక్క కిటికీలన్నీ అప్పుడే పోయాయి. ఆ ఆగిన గాలే తుఫాను కన్ను. మ్యాపులో సుడి మధ్య చిన్న గుండ్రం కనిపిస్తుంది చూడు, అది. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, మోడల్ సముద్రాన్ని గళ్లుగా కోసి లెక్క వేస్తుంది, ఒక్కో గడి కిలోమీటర్ల కొద్దీ వెడల్పు ఉంటుంది, కన్ను చుట్టూ ఉండే అసలు వేగం వాటిలో పట్టదు, అక్కడ చూపించే అంకె నిజం కంటే తక్కువే ఉంటుంది. తుఫాను వేగం ఎంత అనేది మన వాతావరణ శాఖ ఐఎండీ బులెటిన్‌లో చూడు, మ్యాపులో కాదు.

ఉప్పాడ_కుర్రోడు:

మాస్టారూ, చూశానండి. యూటీసీనే. అక్కడే రాసుంది, నేనే ఎప్పుడూ గమనించలేదు. చాలా బాధేసింది గానీ కారణం తెలిసింది, ఇప్పుడు లోకల్‌కి మార్చేశాను. అన్నా, మీరు చెప్పిన రెట్టింపు సంగతి బావకి చెప్తే అదే కదరా మేం రోజూ చెప్పేది అన్నాడు.

ఇంకొక్కటి. నల్‌స్కూల్‌లో సముద్రంలో ప్రవాహాలు కూడా ఉంటాయి కదండీ, అవి చూసి నీళ్లు ఉత్తరానికి పోతున్నాయి అంటే బావ ఒప్పుకోడు, మా దగ్గర పొద్దున్న ఇటు సాయంత్రం అటు పోతాయి అంటాడు. ఎవరిది కరెక్టు?

సముద్రశాస్త్రం_స్టూడెంట్:

ఇద్దరిదీ కరెక్టే అండి, మీ బావగారు చూసేది పోటూ పాటూ, అది ఈ మ్యాపులో లేదు. శాటిలైట్లు సముద్ర మట్టంలో ఎగుడుదిగుళ్లు కొలుస్తాయి, దానికి గాలి కలిపి పెద్ద ప్రవాహాలు లెక్కకట్టి చూపిస్తారు. ఒడ్డుకి దగ్గర్లో ఆ లెక్క అంత నమ్మకంగా ఉండదు, హోప్ ఐలాండ్ లోపల కాకినాడ బే లాంటి చోట అసలు చూడకండి.

కానీ కాస్త లోపలికి, లోతు నీళ్ల దగ్గర చూస్తే చాలా బాగుంటుంది. మన తూర్పు తీరం వెంబడి ఒక ప్రవాహం ఉంది, ఫిబ్రవరి నుంచి మే దాకా చెన్నై వైపు నుంచి ఒడిశా వైపు పైకి పోతుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్‌లో అదే తిరగబడి కిందకి పోతుంది. మార్చి నెలలో ఒక తేదీ, నవంబర్‌లో ఒక తేదీ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే తీరం, గీతలు ఎదురెదురుగా.

దిక్కు చదివేటప్పుడు ఒక చిక్కుంది, నేను ఫస్టియర్‌లో పరీక్షలో తప్పు రాశాను కాబట్టి చెప్తున్నా. ఈశాన్య గాలి అంటే ఈశాన్యం నుంచి వచ్చేది. ఉత్తర ప్రవాహం అంటే ఉత్తరానికి పోయేది. గాలికి వచ్చిన దిక్కు పేరు, నీటికి పోయే దిక్కు పేరు.

నీటి వేడి కూడా చూడండి. తుఫాను పుట్టాలంటే పైనీరు ఇంచుమించు 26.5 డిగ్రీలు దాటాలంటారు, బంగాళాఖాతం ఏడాదిలో ఎక్కువ కాలం దానికి పైనే ఉంటుంది, కాబట్టి వేడి ఒక్కటే చూసి తుఫాను వస్తుంది అనుకోవద్దు. తుఫాను వెళ్లిపోయాక మాత్రం దాని దారి వెంట నీళ్లు చల్లబడతాయి, గాలి కింద నుంచి చల్లనీరు పైకి కలిపేస్తుంది. ఉత్తరాన ఒడిశా, బెంగాల్ వైపు అది అంతగా కనిపించదు, గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చి పోసిన మంచినీరు పైన పొరలా ఉండి కలవనివ్వదు, వానాకాలం అయ్యాక మరీను.

గంగపుత్ర_శ్రీకాకుళం:

మాటలు బాగున్నాయి గానీ ఒక్క సంగతి, నేను పాతికేళ్ల నుంచి వేటకెళ్తున్నోడిని. మ్యాపు చూసి ఊర్లో కుర్రోళ్లు నువ్వెళ్లు నువ్వొద్దు అని చెప్పేది ఇప్పుడు మా రేవులో కూడా మొదలైంది. చూసుకోండి, తప్పులేదు, నేనూ చూస్తాను. కానీ ఐఎండీ వేటకెళ్లొద్దు అన్నాక మ్యాపులో గాలి తక్కువుంది కదా అని ఎవరికీ చెప్పకండి బాబూ. అటు పోయినోడు నీ ఫోన్ చూసి పోతాడు, తిరిగిరావాల్సింది మాత్రం వాడే.

హైదరాబాద్‌లోనే ఉన్నావు కదా, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, మన సముద్రం లెక్కలన్నీ వాళ్లవే, సునామీ హెచ్చరిక కూడా 2007 నుంచి అక్కణ్నుంచే. అల ఎక్కువుంటే జిల్లా వారీగా హెచ్చరిక ఇస్తారు, చేపలు ఎక్కడ దొరకొచ్చో కూడా తెలుగులో ఇస్తారు, రేవు నుంచి ఏ దిక్కు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అని. నీటి వేడి, నీటి పచ్చదనం శాటిలైట్లో చూసి చెప్తారంట, మబ్బులుంటే కుదరదు, ఆ రోజుల్లో రాదు. రెండుసార్లు అది పట్టుకుని వెళ్తే కానాగంతలు బాగానే పడ్డాయి, ఒకసారి వట్టి చేతులతో వచ్చాం. డీజిల్ మాత్రం తిరుగుళ్లు తగ్గి మిగులుతుంది.

ఉప్పాడ_కుర్రోడు:

అన్నా, మీ మాట తలకెక్కింది. ఇకమీదట వెళ్లండి అని నా నోటితో చెప్పను, వెళ్లొద్దు అనే హెచ్చరిక వస్తే మాత్రం ముందు నేనే ఫోన్ చేస్తాను.

ఒక నోటుబుక్ మొదలెట్టాను. పేజీకి మూడు గళ్లు, రాత్రి మ్యాపులో ఏం చూశాను, ఇన్‌కాయిస్ ఏమంది, బావ తిరిగొచ్చాక ఎలా ఉందన్నాడు. పదకొండు రోజులైంది. మ్యాపు 1 మీటరు అన్న రోజు బావ పర్లేదు అంటున్నాడు, 1.4 పైన 6 సెకన్లు ఉంటే వల లాగడం కష్టం అంటున్నాడు, అదే 1.4 కి 11 సెకన్లుంటే లోపల బాగుంది ఒడ్డుకి వచ్చేటప్పుడే చూసుకోవాలి అంటున్నాడు.

మాస్టారూ, ఆదివారం ఇంటికెళ్లినప్పుడు హుద్‌హుద్ తేదీ పెట్టి నాన్నకి చూపించాను. ఉప్పాడ మీద నొక్కితే వాయవ్యం నుంచి చూపించింది, గీతలన్నీ నేల మీద నుంచి సముద్రంలోకి. నాన్న కళ్లజోడు తెచ్చుకుని చాలాసేపు చూసి, అవును, ఆ రోజు గాలి ఊరి వైపు నుంచే కొట్టింది, ఒడ్డున కట్టిన తెప్ప తాడు తెగి సముద్రం లోపలికి పోయింది అన్నారు. తర్వాత మొంథా పెట్టమన్నారు.