‘నాగా’ బేస్‌బాల్‌కి పనికొస్తుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పిల్లల పత్రికకి కాల్ రిప్‌కెన్ గురించి ఒక పేజీ రాస్తున్నాను. అమెరికాలో బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు ఆటగాడు. 1982 మే 30న మొదలుపెట్టి 1998 సెప్టెంబరు 19 దాకా, ఒక్కటీ వదలకుండా 2,632 మ్యాచ్‌లు ఆడాడు. దీన్ని అక్కడ ‘స్ట్రీక్’ అంటారు. నేను ‘అవిచ్ఛిన్న పరంపర’ అని రాశాను. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి చూసి, "ఇదేదో గుళ్లో పూజా అమ్మా?" అంది. ఇంకో మాట చెప్పండి.

జవాబు:
తప్పు కాదుగానీ బరువెక్కువండీ. ‘నాగా లేకుండా 2,632 మ్యాచ్‌లు’ అనండి, సరిపోతుంది. హిందీ, ఉర్దూల్లోనూ ఉన్న మాటే. మనవాళ్లు దానికి ‘పెట్టడం’ తగిలించి సొంతం చేసేసుకున్నారు. పాలవాడు రాని రోజు మా అమ్మ క్యాలెండర్ మీద ఇంటూ మార్కు పెట్టేది. నెలాఖరున వేలితో లెక్కపెట్టి, "నాలుగు నాగాలయ్యా" అని డబ్బులు కోసేది. అన్నట్టు, ఆయన బిరుదు ‘ఐరన్ మ్యాన్’ని ‘ఉక్కు మనిషి’ చేయకండి. పిల్లలు పటేల్ అనుకుంటారు.

మరొకరు:
కోట్లు తీసుకునే ఆటగాడికి నాగా ఏమిటి మాస్టారూ! ‘డుమ్మా కొట్టకుండా’ అంటే హుషారుగా ఉంటుంది కదా?

జవాబు:
వద్దు. డుమ్మాలో దొంగబుద్ధి ఉంది. నాగాకి మంచీచెడూ లేదు. జ్వరమొచ్చి రాకపోయినా నాగాయే, పెళ్లికెళ్లి రాకపోయినా నాగాయే. 1993 జూన్‌లో మైదానంలో రెండు జట్లూ కొట్టుకుంటే రిప్‌కెన్ మోకాలు మెలిపడింది. తర్వాతి మ్యాచ్ మానేసి ఉంటే డుమ్మా అని ఎవరూ అనరు, నాగా మాత్రం పడేది. కుంటి మోకాలితోనే ఆడాడు. ఇంకోటి, పని లేని రోజుకి నాగా ఉండదు. 1994 ఆగస్టులో ఆటగాళ్లు సమ్మెకి దిగితే ఆ సీజన్ అక్కడితో ఆగిపోయింది. అయినా ఆయన లెక్క చెడలేదు.

ఇంకొకరు:
నాగా లేకపోవడం వేరు, పని చేయడం వేరు. అంతకుముందు రికార్డు లూ గెరిగ్‌ది, 2,130. 1934 జులైలో ఆయనకి నడుం పట్టేసింది. ఒకరోజు జాబితాలో పేరు మొదట వేసి, అందరికంటే ముందు బ్యాటింగ్‌కి పంపారు. ఒక హిట్ కొట్టి బేస్ చేరగానే, ఆయన బదులు పరిగెత్తడానికి ఇంకొకణ్ణి పంపి లోపలికి తీసుకెళ్లిపోయారు. మా ఆఫీసులో దీన్నే ‘హాజరు వేయించుకోవడం’ అంటాం. రిప్‌కెన్‌ని ఆ మాట అనలేం. వరుసగా 8,243 ఇన్నింగ్స్ (బేస్‌బాల్‌లో మ్యాచ్‌కి మామూలుగా తొమ్మిది) మైదానం వదల్లేదు. చివరికి 1987లో బయటికి పిలిచింది వాళ్ల నాన్నే, అప్పుడు జట్టు మేనేజర్ ఆయన.

అడిగినవారు:
నాగాయే ఖాయం చేస్తున్నానండీ. 1995 సెప్టెంబరు 6 రాత్రి గురించి రాసిన చోట చక్కగా అతికింది. స్టేడియం పక్కన గిడ్డంగి గోడకి వేలాడుతున్న 2130లో చివరి అంకె మారి 2131 అయ్యింది. 22 నిమిషాలు చప్పట్లు. ఆయన మైదానం చుట్టూ తిరుగుతూ జనానికి చేతులు కలిపాడు. ఒక్క చోటే ఇరుక్కున్నాను. 1998 సెప్టెంబరు 20న, ‘ఇవాళ నేను ఆడను’ అని తనే మేనేజర్‌కి చెప్పి కూర్చున్నాడు. దెబ్బా లేదు, జ్వరమూ లేదు. ఎదుటి జట్టు యాంకీస్ వాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. ఇది నాగా అవుతుందా?

మరొకరు:
అవదు. చెప్పి మానేస్తే అది సెలవు. పైగా మన భాషలో సెలవు తీసుకోవడమంటే వీడ్కోలు కూడా కదా. ఆటకి కాదనుకోండి, 2001 దాకా ఆడాడు. ఆ లెక్కకి సెలవు చెప్పాడు. అలాగే రాయండి.

జవాబు:
చాలా బాగుంది. కానీ పాలవాడు ముందురోజే చెప్పి మానేసినా మా అమ్మ ఇంటూ మార్కు పెట్టేదండీ.