బాటిల్‌కో స్పూన్ పంచదారా, బ్యాచ్ మొత్తానికి పాకమా?

ప్రశ్న: ఇంట్లో చేసిన బీరు 20 లీటర్లు బాటిళ్లలో పట్టాలి. గ్యాస్ కోసం బాటిల్‌కో స్పూన్ పంచదార వేసెయ్ అని ఒకరు, అలా వేస్తే పేలతాయి, పాకం చేసి మొత్తం బీరులో ఒకేసారి కలపాలని ఇంకొకరు. ఏది నమ్మాలండీ?

జవాబు 1: నాలుగేళ్లుగా నాది చిన్న స్పూనే, ఒక్కటీ పేల్లేదు. పాకం కలపాలంటే బీరుని ఇంకో బకెట్‌లోకి మార్చాలి, గాలి తగుల్తుంది, కొన్నాళ్లకి తడిసిన అట్ట వాసనొస్తుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

జవాబు 2: గాలి మాట నిజమే అండి, ట్యూబ్ కొస బకెట్ అడుగుదాకా పెట్టి చప్పుడు లేకుండా దింపితే చాలావరకు తప్పుతుంది. స్పూన్‌కి మాత్రం నేను ఒప్పుకోను, 330 ఎంఎల్ బాటిల్‌కి కావాల్సిందే 2 గ్రాములు, స్పూన్ కాస్త కుప్పగా వస్తే ఇంకో గ్రాము పడిపోతుంది. లెక్క చూడండి, లీటరుకి 4 గ్రాముల పంచదార బాటిల్లో పులిస్తే సుమారు 1 వాల్యూమ్ గ్యాస్, అంటే లీటరు బీరులో లీటరు గ్యాస్. 20 డిగ్రీల్లో పులిసిన బీరులో ముందే 0.85 దాకా ఉంటుంది, 2.4 కావాలంటే లీటరుకి 6 గ్రాముల పైచిలుకు, మొత్తానికి 125 గ్రాములు. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ పొడి) అయితే ఇంకో పది శాతం ఎక్కువ.

అసలు పేలేది ఎక్కువగా పులియడం పూర్తవకుండా పట్టినప్పుడు. నేను బుడగలు ఆగాయి కదా అని హైడ్రోమీటర్ (బీరు సాంద్రత కొలిచేది, పులిసేకొద్దీ అంకె దిగుతుంది) 1.014 చూపిస్తుండగానే పట్టేశా, అది 1.010 దాకా దిగాల్సిన బీరు, పులియకుండా మిగిలిన ఆ నాలుగు పాయింట్లే (0.004) ఇంకో 2 వాల్యూమ్‌లు. రాత్రి రెండు బాటిళ్లు పేలాయి, పొద్దున చూస్తే గాజుముక్క అలమర తలుపులో దిగబడి ఉంది, పక్కన మనిషి ఉంటే ఏమయ్యేదో. దయచేసి మూడ్రోజులు వరసగా హైడ్రోమీటర్ ఒకటే చూపించాకే పట్టండి.

ప్రశ్న వేసినవారు: నాది రెండ్రోజులుగా ఫ్రిజ్‌లో 4 డిగ్రీల్లో ఉంది, లెక్క 4కే వెయ్యాలా?

జవాబు 2: వద్దు వద్దు! పులియడం అయ్యాక బీరు ఎక్కువలో ఎక్కువ ఎంత వేడి చూసిందో దానికి వెయ్యాలి, పోయిన గ్యాస్ చల్లబెడితే తిరిగి రాదుగా. 4కి వేస్తే పంచదార తక్కువై బీరు చప్పగా ఉంటుంది.

జవాబు 1: ఇవాళ నా స్పూన్ కాటా మీద పెట్టా. పదిసార్లు తీస్తే 1.8 నుంచి 2.7 దాకా వచ్చింది, ఒక బాటిల్ చప్పగా ఇంకోటి పొంగిపోతూ ఎందుకుండేదో ఇప్పుడు తెలిసింది. బకెట్ మార్చడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. 125 గ్రాములు నీళ్లలో మరిగించి మొత్తం 300 ఎంఎల్ వచ్చేలా చేసి, చల్లారాక శుభ్రం చేసిన సిరంజితో బాటిల్‌కి 5 ఎంఎల్, 60 బాటిళ్లకి సరిగ్గా సరిపోతుంది. ఈసారి అలా చేస్తున్నా.