మిద్దె తోటలో చలికాలం పనులు: హైదరాబాద్‌కీ విశాఖకీ న్యూజెర్సీకీ ఒకటే జాబితా సరిపోతుందా?

మేడమీది_మొక్కలు:
హైదరాబాద్‌లో రెండో అంతస్తు మిద్దె, 40 దాకా కుండీలు, గ్రో బ్యాగులు. డిసెంబర్ మొదటి వారం, రాత్రి 12 డిగ్రీలకు దిగుతోంది. సమస్యలివీ.

కరివేపాకు కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. రోజూ నీళ్లు, పది రోజులకోసారి వర్మీకంపోస్ట్ పడుతోంది. ధనియాలు చల్లి 9 రోజులైంది, ఒక్క మొలకా లేదు. మల్లె ఎప్పుడు కత్తిరించాలి?

విశాఖలో అమ్మావాళ్లు కాలీఫ్లవర్ వేస్తామంటున్నారు. న్యూజెర్సీలో అక్క కరివేపాకు కుండీ ఇంట్లోకి తెచ్చిన నెలకే ఆకంతా రాల్చేసింది. వాట్సాప్‌లో తిరిగే చలికాలం జాబితా మాత్రం అందరికీ ఒకే పని చెబుతోంది. ఏది నమ్మాలి?

ఎర్రమట్టి_చల్కా:
నెల చూసి కాదండీ, రాత్రి వేడి ఎంత ఉందో చూసి పని ఎంచుకోవాలి. మీ ఊరి సంగతి చెప్తాను.

కరివేపాకు చలికి పెరగడం ఆపేస్తుంది. ఆ సమయంలో రోజూ నీళ్లు పోస్తే వేరుకు గాలి ఆడదు, కుళ్లుతుంది. ముదురాకు నాలుగు రాలడం మామూలే. కానీ లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే వేరు ఇనుము తీసుకోలేకపోతోందని అర్థం. చల్లగా, తడిగా ఉన్న మట్టిలో ఇది తరచూ జరుగుతుంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా తగిలితేనే నీళ్లు, అదీ ఉదయం 8 తర్వాత. ఇప్పుడు నాలుగైదు రోజులకోసారి చాలు. ఎరువు, పుల్లమజ్జిగ రెండూ ఫిబ్రవరి చివరిదాకా ఆపండి. కొమ్మల కత్తిరింపు కూడా అప్పుడే. ఇప్పుడు కత్తిరిస్తే చిగురు రాక మోడుగా నిలబడిపోతుంది.

ధనియాలకు 9 రోజులు ఆలస్యమేమీ కాదు. ఈ చలిలో 12 నుంచి 15 రోజులు పడుతుంది. అప్పటికీ రాకపోతే మళ్లీ వేయండి. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. చపాతీ కర్ర మెల్లగా దొర్లిస్తే రెండు బద్దలవుతాయి. గట్టిగా నొక్కితే గింజ నలిగిపోయి మొలక రాదు, చాలామంది పొరపాటు ఇక్కడే. రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున చల్లి, తడి గోనెసంచి కప్పండి. తొలి మొలక తల ఎత్తిన రోజే సంచి తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా తెల్లగా సాగి పడిపోతాయి. వంటింటి ధనియాలైతే ముందు 20 గింజలు తడిగుడ్డలో కట్టి చూడండి. సగం కూడా మొలవకపోతే కొత్తవి కొనుక్కోవడమే మేలు.

మల్లెకు ఇప్పటి నుంచే నీళ్లు తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు, కుండీలో వేరు ఎండిపోతుంది. ఆకు కాస్త వడలినప్పుడు సగం మగ్గు. మూడు వారాలకు ముదురాకులన్నీ దూసేసి, ఎండుపుల్లలు తీసి, అడుగున్నర ఎత్తుకు కత్తిరించండి. పైమట్టి రెండు అంగుళాలు తీసి, ఆ చోట రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్, ఒక గుప్పెడు ఎముకల పొడి వేసి, అప్పుడు నిండుగా నీళ్లు పోయాలి. మొగ్గ కొత్త చిగురుకే పడుతుంది కాబట్టి కత్తెరకు మొహమాటపడొద్దు.

ఉప్పుగాలి_తోట:
విశాఖ సంగతి వేరు. అక్కడ ఈ నెలల్లో రాత్రి 18, పగలు 28 డిగ్రీల ప్రాంతం. కాలీఫ్లవర్‌లో తొందరగా వచ్చే రకాలకూ ఆలస్యపు రకాలకూ పువ్వు కట్టే వేడి వేరువేరు. ఆలస్యపు రకాలకు 10 నుంచి 16 డిగ్రీల చల్లదనం కావాలి. కోస్తాలో అవి ఆకులు పెంచుకుంటూ పోతాయే తప్ప పువ్వు కట్టవు. తొందర రకాలే అడిగి తీసుకోండి. ఇప్పుడు విత్తనం నుంచి మొదలుపెడితే పువ్వు వేళకు ఎండ ముదురుతుంది. 25 నుంచి 30 రోజుల నారు కొని నాటండి. అంతకన్నా ముదురు నారు నాటినా, నత్రజని చాలకపోయినా నిమ్మకాయంత పువ్వు కట్టి ఆగిపోతుంది. 12 అంగుళాల బ్యాగుకు ఒకటే మొక్క. పువ్వు గుడ్డంత అయ్యాక చుట్టూ ఉన్న ఆకులు దానిమీదికి వంచి దారంతో వదులుగా కట్టండి, ఎండ తగిలి పసుపెక్కకుండా.

నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకు డిసెంబర్ సగం దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి. నారు మొదలు దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి వాలిపోతుంటే నారుకుళ్లు. లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగులు మందు) కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. నారు ట్రే కింద రెండు ఇటుకలు పెట్టండి, నీరు నిలవకుండా.

మంచుదేశపు_కరివేపాకు:
అక్కగారి మొక్క చచ్చిపోయిందని పారేయొద్దని చెప్పండి. గోటితో బెరడు కాస్త గీకితే లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. బయటి వెలుతురు నుంచి ఒక్కసారిగా లోపలికి రావడం, హీటర్ పొడిగాలి, ఈ రెంటికీ ఆకు రాలుస్తుంది. దక్షిణపు కిటికీ దగ్గర, హీటర్ గాలి తగలని చోట పెట్టాలి. వెలుతురు చాలకపోతే మొక్కకు అడుగు ఎత్తున గ్రో లైటు (మొక్కల కోసం వాడే దీపం), రోజుకు 12 గంటలు. ఆకు లేని మొక్క నీళ్లు తాగదు. పైన రెండు అంగుళాలు ఎండాకే గోరువెచ్చని నీళ్లు పోయాలి.

ఆకు మిగిలి ఉంటే కింద తెల్లకాగితం పట్టి కొమ్మ తట్టండి. కదిలే చుక్కలు పడితే నల్లి, అంటే ఆకు రసం పీల్చే సన్నటి పురుగు. పొడిగాలిలో అది విపరీతంగా పెరుగుతుంది. ఆకు అడుగుభాగం షవర్ కింద బాగా కడగాలి, ఐదు రోజులకోసారి మూడుసార్లు. కుండీ మార్చడం, ఎరువు వేయడం మార్చి చివరిదాకా వద్దు. మేలో రాత్రులు వరుసగా 10 డిగ్రీలు, అంటే 50 ఫారన్‌హీట్ దాటాక బయటికి తీయాలి. మొదటి వారం నీడలోనే ఉంచాలి.

బయటి మట్టికుండీలు ఖాళీచేసి బోర్లించమనండి. లోపలి తడి గడ్డకట్టి ఉబ్బితే పగిలిపోతాయి. డాలస్‌లో ఉన్నవాళ్లకు ఇంత అవసరం లేదు. మెంతి, పాలకూర, కొత్తిమీర బయటే పెంచి, గడ్డకట్టే రాత్రుల్లో పల్చటి బట్ట కప్పితే చాలావరకు నిలబడతాయి. మెల్‌బోర్న్ వాళ్లు మాత్రం ఈ జాబితా ఏదీ పట్టించుకోవద్దు, వాళ్ల చలికాలం జూన్ నుంచి ఆగస్టు. గులాబీ కత్తిరింపు జులైలో.

మేడమీది_మొక్కలు:
చాలా థ్యాంక్సండీ. ఇంకొక్కటి: చిక్కుడు చిగుళ్లకు పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) పట్టింది. వేపనూనె కలిపితే నీళ్లమీద తెట్టులా తేలుతోంది. నూనె పాడైందా?

ఎర్రమట్టి_చల్కా:
పాడవలేదు, చలికి పేరుకుంది. సీసాను పది నిమిషాలు వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. 5 మిల్లీలీటర్ల నూనెలో 2 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు ముందు బాగా గిలక్కొట్టి, ఆ తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. పాలలా తెల్లబడాలి. పైన నూనె చుక్కలు తేలితే కొట్టొద్దు, అవి పడ్డచోట ఆకు మాడుతుంది. మంచు ఆరాక, ఉదయం 9 ప్రాంతంలో ఆకు అడుగున తగిలేలా కొట్టండి. బూడిద తెగులుకు గంధకం కొట్టి ఉంటే రెండు వారాలు ఆగి వేపనూనె వాడండి, రెండూ కలిస్తే ఆకు కాలిపోతుంది.

చింతపల్లి_దారి:
లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వైపు వాళ్ల కోసం ఒక మాట. ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉన్న రాత్రే మంచు కాటు ఎక్కువ. ఆ మధ్యాహ్నమే మట్టి తడపండి, తడి మట్టి పగటి వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. టమాటా, వంగ మీద నాలుగు కర్రలు పాతి పాతచీర కప్పండి, పొద్దు వాలకముందే, అంచులు నేలకు ఆనేలా. ప్లాస్టిక్ షీటు ఆకుకు తగిలితే తగిలినచోటే నల్లబడుతుంది. పొద్దెక్కాక తీసేయాలి. నల్లబడ్డ కొమ్మలు వెంటనే కోయొద్దు. చిగురు ఎక్కడి నుంచి వస్తుందో చూసి, దానికి పైన కోయండి.