సమస్యాపూరణం: "మంట పెంచిన కూరలు మాడవెపుడు"

నిర్వాహకులు: ఇచ్చిన పాదం చివర వచ్చేలా మిగతా మూడు పాదాలు అల్లడమే సమస్యాపూరణం. ఈ వారం తేటగీతి ఛందస్సులో పాదం ఇది:

"మంట పెంచిన కూరలు మాడవెపుడు"

విషయం: పిల్లలూ పెద్దలూ కలిసి తినే కూరగాయల నూడుల్స్. నలుగురికి కొలత: ఎండు నూడుల్స్ 200 గ్రాములు, క్యారెట్ 100, బీన్స్ 75, క్యాబేజీ 150, క్యాప్సికం ఒకటి, ఉల్లికాడలు 4, వెల్లుల్లి 6 రెబ్బలు, నూనె 3 టేబుల్ స్పూన్లు, సోయాసాస్ ఒకటిన్నర టేబుల్ స్పూను, వెనిగర్ ఒక టీస్పూను, మిరియాల పొడి అర టీస్పూను. పూరణ ఛందస్సుకీ నిలవాలి, పొయ్యి మీదా నిలవాలి. (గణయతి, పాకప్రియ వంటివి పాల్గొనేవారి కలంపేర్లు.)

పాకప్రియ:

తడిని తుడిచిన ముక్కలు దఫదఫలుగ
పెద్ద బాణలి నొకపొర పేర్చి వేసి
గరిటె నాపక తిప్పుచు కదలజేయ
మంట పెంచిన కూరలు మాడవెపుడు

గణయతి: గణాలు (పొట్టి, పొడుగు అక్షరాల కూర్పు) సరిపోయాయి, త–ద యతి (పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో కుదరాల్సిన అక్షరం) చక్కగా పడింది. "దఫదఫలుగ" అన్న మాటే పద్యానికి ప్రాణం. ముక్కలన్నీ ఒకేసారి కుమ్మరిస్తే బాణలి చల్లబడి నీరు ఊరుతుంది. ఆ నీరు ఇగిరేదాకా అడుగున వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఇక ముక్కలు వేగవు, ఉడికి మెత్తబడతాయి. ఫాస్ట్‌ఫుడ్ బండి పొయ్యికున్న మంట ఇంటి స్టవ్‌కి లేదు కనుక ఈ కొలతను రెండు వాయిలుగా చేయాల్సిందే.

తేటతెలుగు:

బీన్సు కేరెట్లు తొలుతను బిరుసు తగ్గ
వేపి, కేబేజి చేర్చియు వేగ గానె
చల్లబడినట్టి నూడుల జల్లి కలుప
మంట పెంచిన కూరలు మాడవెపుడు

గణయతి: "చేర్చియు"లో "యు" పాదం నింపడానికే వచ్చింది. "పిమ్మట" అనండి, గణం చెడదు.

పాకప్రియ: వరస సరైనదే. అగ్గిపుల్ల మందాన తరిగితే క్యారెట్, బీన్స్‌కి 2 నిమిషాలు, తర్వాత క్యాబేజీ, క్యాప్సికంకి ఒక్క నిమిషం. బిరుసు తగ్గితే చాలు, కరకర పోకూడదు.

తొలకరి:

కడిగి చల్లని నీటను, కాస్త నూనె
పూసి నూడుల నన్నింటి పొడిగ నుంచి
సోయ సాసును బాణలి నడుమ పోసి
మంట పెంచిన కూరలు మాడవెపుడు

గణయతి: మొదటి రెండు పాదాలు నాకెంతో నచ్చాయి. మూడో పాదంలో యతి తప్పింది, "సో"కి "న" చెల్లదు.

పాకప్రియ: తొలకరి గారూ, వంటా ఆ పాదంలోనే తప్పింది. నడుమ పోసిన సాస్‌ను అక్కడి నూడుల్సే పీల్చేసుకుంటాయి. ఒకచోట నల్లగా ఉప్పగా, మరోచోట తెల్లగా చప్పగా మిగిలి, తడికి ఒకదానికొకటి అంటుకుంటాయి. వేడెక్కిన బాణలి అంచు వెంట పోస్తే సుర్రుమని నీరు ఇగిరి, వాసన పైకి లేస్తుంది. "సోయ సాసును బాణలి చుట్టు పోసి" అనండి. సో–చు యతి కుదురుతుంది, వంటా కుదురుతుంది. కడగడం గురించి మీరన్నది నిజం. పైనున్న గంజి పోతేనే నూడుల్స్ విడివిడిగా ఉంటాయి. ప్యాకెట్ మీది సమయానికి ఒక నిమిషం ముందే వార్చాలి. ఉప్పు ఉడికే నీళ్లలోనే వేయాలి, సాస్‌లో ఎలాగూ ఉంటుంది.

తొలకరి: సవరించాను. ధన్యవాదాలండీ.

మూకుడు:

చిన్ని వెల్లుల్లి ముక్కలు చిటిక లోనె
నల్లబడి చేదు నింపును నాల్క కెల్ల
ఎరుక లేకయె యిట్టుల నెవ్వ రనిరి
"మంట పెంచిన కూరలు మాడవెపుడు"?

గణయతి: సమస్యను ప్రశ్నగా తిప్పడం మంచి విరుపు. "ఎపుడు" అన్న అతిశయానికి తగిన జవాబు.

పాకప్రియ: వెల్లుల్లికి 15 సెకన్లు చాలు. రంగు మారకముందే కూరలు పడాలి.

నిర్వాహకులు: నాన్‌స్టిక్ పెనం వాడేవారికి ఒక మాట. ఆ పూత 260 డిగ్రీల దగ్గర పాడవడం మొదలవుతుంది, పెద్ద మంట మీద ఖాళీ పెనం ఆ వేడికి త్వరగానే చేరుతుంది. నూనె ముందే వేసి, మధ్యస్థం కన్నా కాస్త ఎక్కువ మంట మీద, మూడు వాయిలుగా చేసుకోండి. ఈ సమస్య ఇనుప బాణలికే. ఉల్లికాడలు, వెనిగర్, మిరియాల పొడి ఇంకా ఏ పద్యంలోకీ రాలేదు. అవి స్టవ్ కట్టేశాక పడాలి, ఆ క్రమంలో పూరణలు పంపండి.