కరకట్ట మీద రాత్రి ప్రయాణానికి సైకిలుకు ముందు, వెనక ఎలాంటి లైట్లు బిగించుకోవాలి?

ప్రశ్న: వెంకటపాలెం నుంచి

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక మెడికల్ ల్యాబులో రెండో షిఫ్టు పనిచేస్తున్నాను. రాత్రి పదిన్నరకు బయలుదేరి, ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం వైపు దిగి, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకొని ఇల్లు చేరేసరికి సుమారు 12 కిలోమీటర్లు సైకిలు తొక్కవలసి ఉంటుంది. బ్యారేజీ దాటేవరకు వీధి దీపాలు ఉంటాయి గనుక బెంగ లేదు. ఆ తరువాత చాలా దూరం చీకటే. రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్లు, తారు లేచిపోయిన రోడ్డు అంచులు, దారి మధ్యలో నెమరు వేస్తూ పడుకున్న గేదెలు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఆన్‌లైన్‌లో కొన్న టార్చిలైటు వంటి దీపం. పెట్టె మీద 5,000 లూమెన్లు అని ముద్రించి ఉంది. మొదటి పది నిమిషాలు బాగానే వెలిగి, ఉండవల్లి దాటేసరికి సగానికి సగం తగ్గిపోతుంది. అంతకంటే నన్ను కలవరపెట్టిన సంగతి మరొకటి జరిగింది. పోయిన వారం ఎదురుగా బైకు మీద వస్తున్న ఒకాయన, నా దీపం కళ్లలో పడి దారి కానక నా మీదికే వచ్చి, ఆఖరి క్షణంలో తప్పుకొని, బండి ఆపి నన్ను మందలించారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఇక వెనకవైపు సైకిలుతో పాటు వచ్చిన ఎర్ర రిఫ్లెక్టర్ తప్ప మరేమీ లేదు.

మొత్తం మీద 2,500 రూపాయల వరకు ఖర్చు పెట్టగలను. అందులో ముందు లైటుకు ఎంత, వెనక లైటుకు ఎంత కేటాయించాలో, కొనేటప్పుడు దేనిని చూసి నమ్మాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: బ్రాడీపేట, గుంటూరు నుంచి

మిమ్మల్ని మందలించిన ఆయన దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే లైటు కొనేటప్పుడు అందరికంటే ముందు తలచుకోవలసింది ఎదురుగా వచ్చే మనిషినే. లూమెన్ అంటే దీపం నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుతురుకు కొలత. అందులో రోడ్డు మీద పడేది ఎంత, చెట్ల కొమ్మల మీదా ఎదుటివారి కళ్లలోనూ పడి వృథా అయ్యేది ఎంత అన్నది ఆ అంకె చెప్పదు. ఒక చోట పడుతున్న వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. టార్చిలైటు వెలుతురు గుండ్రంగా వ్యాపిస్తుంది గనుక దానిలో పై సగం మనకు పనికిరాదు, పైగా ఎదుటివారికి హాని చేస్తుంది.

జర్మనీ వాహన నిబంధనల ప్రకారం సైకిలు ముందు లైటు 10 మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్‌ల వెలుతురు ఇవ్వాలి, ఆ వెలుతురు పై అంచు కత్తిరించినట్టు ఆగిపోయి ఎదుటివారి కళ్ల ఎత్తుకు చేరకుండా ఉండాలి. డిప్‌లో ఉన్న కారు లైటును గోడ మీద చూస్తే ఆ కత్తిరింపు ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది. ఆ పరీక్షలో నెగ్గిన దీపాల మీద అల వంటి చిన్న గీత, పక్కన కె అనే అక్షరం, ఒక సంఖ్య ముద్రించి ఉంటాయి. మీరు చెప్పిన ధరలో అటువంటిది దొరికితే మరో ఆలోచన లేకుండా తీసుకోండి. దొరకకపోతే మామూలు దీపాన్నే సరిగ్గా వంచి బిగించుకోవచ్చు.

ఎంత దూరం కనిపించాలో లెక్క వేసుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే సెకనుకు సుమారు ఐదున్నర మీటర్లు కదులుతాము. గేదెను గుర్తించి బ్రేకు మీద వేలు బిగించేసరికి సెకనున్నర గడిచిందనుకుంటే అప్పటికే 8 మీటర్లు దాటిపోతాము. పొడి రోడ్డు మీద సైకిలు ఆగడానికి మరో 4 మీటర్లు కావాలి. అంటే కనీసం 12 మీటర్లు స్పష్టంగా కనిపించాలి, వాన కురిసిన రోజు ఇంకా ఎక్కువ. ఈ పనికి నిజమైన 300 నుంచి 400 లూమెన్లు, సరిగ్గా నేల మీద పడితే, చాలు. గవర్నరుపేట నుంచి బ్యారేజీ వరకు 100 లూమెన్లు కూడా ఎక్కువే, కాబట్టి రెండు మూడు స్థాయిలు మార్చుకోగలిగిన దీపం తీసుకొని ఊళ్లో తగ్గించుకోండి, కరకట్ట ఎక్కాక పెంచుకోండి.

వంచడానికి కొలత ఇది. సైకిలును గోడకు 5 మీటర్ల దూరంలో చదునైన నేల మీద నిలబెట్టండి. దీపం నేల నుంచి ఒక మీటరు ఎత్తులో ఉంటే, వెలుతురు నడిబొట్టు గోడ మీద 60 సెంటీమీటర్ల ఎత్తులో పడాలి. అప్పుడది రోడ్డు మీద సుమారు 12 మీటర్ల ముందు పడుతుంది. మీరు సీటు మీద కూర్చున్నప్పుడు టైర్లు కొంత అణుగుతాయి గనుక ఎవరినైనా గోడ దగ్గర నిలబెట్టి, మీరు సైకిలెక్కి చూడటం మేలు. రబ్బరు పట్టీతో కట్టే దీపాలు స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా తల ఎత్తేస్తాయి లేదా దించేస్తాయి. క్లాంపు కింద పాత ట్యూబు ముక్క ఒక చుట్టు చుట్టి బిగిస్తే ఆ బెడద చాలావరకు తీరుతుంది.

నేను 200, 300 కిలోమీటర్ల బ్రెవేలలో, అంటే గడువులోగా పూర్తి చేయవలసిన దూరపు సైకిలు యాత్రల్లో, పాల్గొంటూ ఉంటాను. 300 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 20 గంటలు, అంటే రాత్రి తప్పదు. చీకటి పడ్డాక సైకిలుకు బిగించిన ముందు, వెనక లైట్లు వెలుగుతూ ఉండాలని, ఒంటి మీద మెరిసే పట్టీల జాకెట్టు ఉండాలని అక్కడ నియమం. ఆ అలవాటు వల్ల రోజువారీ ప్రయాణంలోనూ సంచిలో ఒక చిన్న లైటు అదనంగా ఉంచుకుంటాను. మీరూ ఉంచుకోండి.

సమాధానం: మంగళగిరి నుంచి

నేను సైకిలు తొక్కేవాణ్ని కాను. చిన్న గూడ్సు బండి నడుపుతాను, కూరగాయల లోడుతో తెల్లవారుజామున మీ దారిలోనే తిరుగుతూ ఉంటాను. అందువల్ల వెనక లైటు గురించి, దాన్ని చూడవలసిన మనిషిగా నాలుగు మాటలు చెబుతాను.

రిఫ్లెక్టర్ మంచిదే, కాని మా లైటు దాని మీద పడితేనే అది మెరుస్తుంది. మలుపు తిరిగే వరకు మా వెలుతురు రోడ్డు పక్కనున్న పొలాల మీద పడుతూ ఉంటుంది, మీ మీద పడదు. అంతకంటే ప్రమాదమైనది, ఎదుటి లారీ ఫుల్ లైటు వేసుకొని వస్తున్నప్పుడు మాకు కొన్ని క్షణాలపాటు ముందు ఏమీ కనిపించకపోవడం. డిప్పర్ కొట్టినా దించనివారు ఎందరో ఉంటారు. ఆ క్షణాల్లో తనంతట తాను వెలిగే ఎర్ర లైటు ఒక్కటే ఆ వెలుగును చీల్చుకొని మా కంటికి ఆనుతుంది. ఒకసారి ఉండవల్లి దాటాక అలాంటి సమయంలోనే ఒక పాల సైకిలును చివరి నిమిషంలో చూశాను. బ్రేకు పట్టింది, ఆయన బతికారు, నాకు మాత్రం ఆ రోజంతా చేతుల వణుకు తగ్గలేదు.

చాలామంది వెనక లైటును ఆరి వెలిగేలా పెట్టుకుంటారు. అది దూరం నుంచి కంటిని పిలుస్తుంది, ఒప్పుకుంటాను. కాని అది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో దగ్గరవుతోందో పూర్తి చీకట్లో అంచనా కట్టడం కష్టం. నిలకడగా వెలిగే లైటు ఆ అంచనాకు ఆధారం ఇస్తుంది. వీలైతే రెండు పెట్టుకోండి, ఒకటి నిలకడగా, రెండోది ఆరి వెలిగేలా. ఒకటే కొనగలిగితే నిలకడగా వెలిగేదే పెట్టండి.

మరొక సంగతి. సీటు కింద లైటు బిగించి, క్యారియర్ మీద క్యారేజీ సంచి పెట్టుకొని వెళ్లేవారిని రోజూ చూస్తాను. ఆ సంచి లైటును పూర్తిగా మూసేస్తుంది, సైకిలు మీదున్న మనిషికి ఆ విషయం తెలియనే తెలియదు. మీరు సంచి తీసుకువెళ్లేవారైతే లైటును క్యారియర్ చివర బిగించండి. మడ్‌గార్డు అడుగున మాత్రం వద్దు, వానాకాలంలో బురద కప్పేస్తుంది. అలాగే పెడళ్ల పసుపు రిఫ్లెక్టర్లు ఊడిపోతే కొత్తవి వేయించండి. పైకీ కిందికీ ఆడే ఆ రెండు చుక్కలు కనిపిస్తే ముందున్నది సైకిలని మాకు వెంటనే అర్థమవుతుంది.

వెంకటపాలెం నుంచి తిరిగి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిజమే, నా క్యారేజీ సంచి సీటు వెనకే ఉంటుంది. మీరు చెప్పకపోతే లైటు కొని కూడా దాన్ని సంచి వెనక దాచుకునేవాణ్ని. ఒక సందేహం మిగిలింది. నా పాత దీపం అంత త్వరగా ఎందుకు తగ్గిపోతోంది? కొత్త బ్యాటరీ వేస్తే పనికివస్తుందా?

సమాధానం: వన్‌టౌన్, విజయవాడ నుంచి

నాది ఎలక్ట్రానిక్స్ మరమ్మతుల పని. మీ దీపంలో ఉన్నది 18650 అనే లిథియం సెల్లు అయి ఉంటుంది. ఆ సంఖ్యలో మొదటి 18 దాని వ్యాసం మిల్లీమీటర్లలో, తరువాతి 65 దాని పొడవు. ఆ పరిమాణంలో మంచి సెల్లు సామర్థ్యం సాధారణంగా 3,500 మిల్లీ ఆంపియర్ అవర్లకు మించదు. దాని మీద 9,900 అని అచ్చు వేసి ఉంటే అది అబద్ధమని నిశ్చయంగా చెప్పవచ్చు. అసలైన సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, నకిలీది చేతిలోకి తీసుకోగానే తేలికగా ఉంటుంది. బంగారు కొట్లో తూకం వేయించినా చాలు, సంగతి తేలిపోతుంది.

ఇక 5,000 లూమెన్ల మాట చూద్దాం. ఒక వాటుకు 100 లూమెన్ల చొప్పున లెక్క కట్టినా దానికి 50 వాట్లు కావాలి. మంచి సెల్లులో ఉండేది సుమారు 12 వాట్ అవర్ల శక్తి, అంటే పావుగంట కూడా రాదు. పైగా 50 వాట్ల వేడికి అరచేతిలో ఇమిడే ఆ గొట్టం పట్టుకోలేనంతగా కాలిపోవాలి. మీది కాలడం లేదంటే ఆ అంకె మొదటి నుంచీ నిజం కాదు. అదే 400 లూమెన్ల దీపానికి 4 వాట్లు చాలు, కాబట్టి ఒక సెల్లుతో రెండున్నర గంటలకు పైగా వెలగాలి. మీ ప్రయాణం గంటలోపే గనుక మూడు రోజులకొకసారి ఛార్జింగ్ పెట్టుకుంటే సరిపోతుంది. పెట్టె మీద లూమెన్లు, వెలిగే గంటలు రెండూ రాసి ఉంటే ఈ లెక్క అక్కడే వేసి చూడండి. లెక్క కుదరని దీపాన్ని కొనకండి. పాతదానికి కొత్త సెల్లు వేసి డబ్బు పోగొట్టుకోకండి.

వానకు ఐపీఎక్స్ 4 అనే గుర్తు ఉంటే తుంపర్లకు ఆగుతుంది. శ్రావణ మాసపు జడివానకు ఐపీఎక్స్ 6 ఉంటే ఇంకా నిశ్చింత. ఛార్జింగ్ రంధ్రానికి ఉండే రబ్బరు మూత వదులైతే ఏ గుర్తూ కాపాడదు. మన ఎండల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో ఎండలో నిలబెట్టిన సైకిలు మీద దీపాన్ని వదిలేస్తే సెల్లు త్వరగా చచ్చిపోతుంది. ల్యాబుకు చేరగానే తీసి లోపల పెట్టుకోండి. అది వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకండి, చల్లారనివ్వండి.

డబ్బు విషయంలో నా అభిప్రాయం, ముందు లైటుకు 1,500, వెనక రెండు చిన్న లైట్లకు 800, మిగిలినది మెరిసే పట్టీలకు.

సమాధానం: అరండల్‌పేట, గుంటూరు నుంచి

బాబూ, నేను తపాలా శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. మా రోజుల్లో టైరుకు ఆనించే డైనమోయే దిక్కు. 6 వోల్టులు, 3 వాట్లు, అందులో ముందు బల్బుకు 2.4, వెనక బల్బుకు 0.6 వెళ్లేవి. వెనక బల్బు మాడిపోతే ఆ కరెంటంతా ముందు బల్బుకే చేరి, శంకర్‌విలాస్ వంతెన దిగే వేగంలో అదీ మాడిపోయేది. సైకిలు ఆగితే దీపం ఆరిపోయేది, అంటే సరిగ్గా దారి దాటడానికి నిలబడ్డ చోటే మనిషి చీకట్లో మిగిలేవాడు. అందుచేత బ్యాటరీ లైట్ల విషయంలో ఇక్కడివారు చెప్పినది సబబే. ఒక్కటి కలుపుతాను. వానాకాలంలో నది ఒడ్డున దీపం చుట్టూ పురుగులు ముసురుతాయి. తెల్ల అద్దాల కళ్లజోడు ఒకటి పెట్టుకో, కంట్లో పురుగు పడ్డ క్షణంలో ఎంత మంచి లైటున్నా దారి కనబడదు.

వెంకటపాలెం నుంచి తిరిగి:

రెండు వారాల తరువాత రాస్తున్నాను. ముందు 400 లూమెన్ల దీపం, క్యారియర్ చివర నిలకడగా వెలిగే ఎర్ర లైటు, సీటు కింద ఆరి వెలిగే చిన్న లైటు బిగించాను. మా ఇంటి ప్రహరీ గోడ మీద సుద్దముక్కతో 60 సెంటీమీటర్ల దగ్గర గీత గీసి, మా తమ్ముణ్ణి పక్కన నిలబెట్టి దీపం వంచుకున్నాను. వెలుతురు పాతదానికంటే తక్కువైనట్టు మొదటి రోజు అనిపించింది. రెండో రోజుకు కళ్లు అలవాటు పడ్డాక స్పీడ్ బ్రేకర్ల నీడ ముందుగానే తెలియడం గమనించాను. వెనక నుంచి వచ్చే బండ్లు ఇప్పుడు కాస్త ముందే పక్కకు జరిగి దాటుతున్నాయి. నిన్న రాత్రి ఉండవల్లి దాటాక రోడ్డు మధ్యలో పడుకున్న గేదె కళ్లు నా దీపానికి ముందుగా మెరిశాయి. దిగి, సైకిలు నడిపించుకుంటూ దాని పక్కనుంచి వెళ్లాను.